అఫిడవిట్‌లో ఆస్తులు రాస్తే చాలా? సభలో మాట్లాడే ముందు తన వ్యాపారం సంగతి చెప్పనక్కర్లేదా?

పద్మజ_కె
మా ఎమ్మెల్యే కుటుంబానికి నాలుగు ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. ఇందులో రహస్యం లేదు. ప్రతి కళాశాల గేటు మీదా ఆయన నిలువెత్తు ఫొటో ఉంటుంది. మొన్న సభలో ఫీజుల నియంత్రణపై చర్చ జరిగితే పావుగంట మాట్లాడారు. ఫీజులు తగ్గిస్తే నాణ్యత పడిపోతుందన్నారు. అధ్యాపకుల జీతాలు ఎవరిస్తారని అడిగారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు తక్షణం విడుదల చేయాలని పట్టుబట్టారు. ఆ వాదన సరైనదేనేమో, దాని జోలికి నేను పోవడం లేదు. నన్ను కలవరపెట్టింది వేరు. అంతసేపట్లో ఒక్కసారి కూడా "నాకూ కళాశాలలు ఉన్నాయి, ఈ బకాయిల్లో మాకు రావలసిన డబ్బు కూడా ఉంది" అని ఆయన అనలేదు. ఎదుటి పక్షం వారూ అడగలేదు. సభాపతీ అడగలేదు. మర్నాడు పత్రికల్లో "విద్యారంగ నిపుణుడి సూచనలు" అన్నట్టు వార్త వచ్చింది.

ఇంట్లో ఈ మాట ఎత్తితే మా అన్నయ్య "ఎన్నికల అఫిడవిట్‌లో అన్నీ రాశాడు కదా, ఇంకేం కావాలి" అన్నాడు. నిజంగా అంతేనా? చట్టసభ సభ్యుడు తన జేబుకు సంబంధం ఉన్న విషయంపై మాట్లాడేటప్పుడు, ఓటు వేసేటప్పుడు ఆ సంగతి ముందుగా చెప్పాలన్న నియమం మన దేశంలో ఉందా? ఉంటే ఎవరూ ఎందుకు అడగరు?

నిజం_చెప్పు
అఫిడవిట్ అనేదే లేని రోజులు చూసినవాణ్ని. 2002, 2003లో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాకే అభ్యర్థుల ఆస్తులు, అప్పులు, కేసులు మనకు కనిపించాయి. అన్నీ తెలిసే జనం ఓటేశారు. మళ్లీ సభలో లేచి చెప్పించడం లాంఛనం తప్ప మరేమీ కాదు. ఓటరే పట్టించుకోనప్పుడు నియమం ఏం చేస్తుంది?

పద్మజ_కె
నిజం_చెప్పు గారూ, అన్నయ్య మాట విన్నాక అఫిడవిట్ తెరిచి మూడు సార్లు చదివాను. పొలాలు ఉన్నాయి, రెండు ఇళ్లు ఉన్నాయి, భార్య పేరిట బంగారం ఉంది, బ్యాంకు నిల్వలు ఉన్నాయి. కళాశాలలు లేవు. నాలుగింటిలో ఒక్కదాని పేరు కూడా లేదు. అది తప్పుడు అఫిడవిటా?

రఘురాం_లెక్కలు
తప్పుడుది కాకపోవచ్చు. ఇరవై ఏళ్లుగా ఆడిట్ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. కళాశాలలను సాధారణంగా సొసైటీ గానీ ట్రస్టు గానీ నడుపుతుంది. కాగితం మీద అది లాభాపేక్ష లేని సంస్థ, దాని ఆస్తి ఎవరి సొంతమూ కాదు. ఆయన దానికి అధ్యక్షుడు మాత్రమే. అధ్యక్ష పదవి ఆస్తి కాదు గనక ఆస్తుల పట్టికలోకి రాదు.

మరి డబ్బు ఇంటికి ఎలా వస్తుంది? స్థలం, భవనం కుటుంబం పేరిట ఉంటాయి. సొసైటీ వాటికి అద్దె కడుతుంది. బస్సులు బావమరిది సంస్థవి, భోజనశాల మేనల్లుడిది, కంప్యూటర్లు సరఫరా చేసేది కోడలి కంపెనీ. అన్నిటికీ బిల్లులు ఉంటాయి, పన్ను కడతారు. అందరూ ఇలాగే చేస్తారని అనను, కానీ ఈ అమరిక నాకు ఎన్నో ఖాతాల్లో కనిపించింది. అఫిడవిట్‌లో "అద్దె ఆదాయం" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ అద్దె కట్టేది ఎవరో ఉండదు.

గుమాస్తా_1968
రఘురాం గారు చెప్పింది చదివాక పద్మజ గారి అన్నయ్యకు జవాబు దొరికినట్టే. అఫిడవిట్ చెప్పేది ఎంత ఉందో. మనకు కావలసింది ఎక్కడి నుంచి వస్తోందో.

శ్రీధర్_వకీలు
నియమం ఉందా అన్న ప్రశ్నకు వస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రాజ్యసభలో ఉంది, మంచి నియమమే. నియమావళిలో 293వ నియమం కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ ఉంటుంది. అందులో అయిదు రకాలు నమోదు చేయాలి: ప్రతిఫలం ఉన్న డైరెక్టర్ పదవి, క్రమంగా ఆదాయం వచ్చే పని, కంపెనీపై ఆధిపత్యం ఇచ్చేంత వాటా, డబ్బు తీసుకుని ఇచ్చే సలహాలు, వృత్తిపరమైన ఒప్పందాలు. దాని తర్వాతి 294వ నియమం ఇంకా ముఖ్యం. సభలో గానీ కమిటీలో గానీ చర్చకు వచ్చిన విషయంలో సభ్యుడికి ప్రత్యక్షంగానో పరోక్షంగానో ఆర్థిక ప్రయోజనం ఉంటే, రిజిస్టర్‌లో ముందే రాసి ఉన్నా సరే, ఆ సంగతి మళ్లీ ప్రకటించాలి. ప్రకటించే దాకా చర్చలో పాల్గొనకూడదు.

లోక్‌సభలో అలాంటి రిజిస్టర్ లేదు. అక్కడున్నది 371వ నియమం. ఓటింగు జరిగాక, ఫలానా సభ్యుడికి ఇందులో స్వప్రయోజనం ఉంది, ఆయన ఓటు చెల్లదని మరొక సభ్యుడు అభ్యంతరం చెప్పవచ్చు. నిర్ణయం స్పీకరుది. కమిటీలో సభ్యుణ్ని వేసినప్పుడు అభ్యంతరం చెప్పడానికి 255వ నియమం ఉంది. అంటే రాజ్యసభలో చెప్పే బాధ్యత సభ్యుడిది. లోక్‌సభలో ఆ బరువు పక్కవాడిది. పక్కవాడికీ ఏదో ఒక వ్యాపారం ఉన్నప్పుడు వేలెత్తి చూపేదెవరు?

ప్రమాణ స్వీకారం చేశాక 90 రోజుల్లో ఆస్తుల వివరాలు ఇవ్వాలనే ప్రజాప్రాతినిధ్య చట్టం 75ఏ సెక్షన్ కూడా పార్లమెంటు సభ్యులకే. మీ ఎమ్మెల్యేకు అది వర్తించదు. మీ శాసనసభ నియమావళి తెప్పించుకుని, "ప్రయోజనం" అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో వెతకండి.

తూనీగ
కళాశాల గేటు మీద ఫొటో ఉందన్నారు. ఊరందరికీ తెలిసిన దాన్ని సభలో చెప్పించి ఏం సాధిస్తాం?

పద్మజ_కె
ఊరికి తెలుసు తూనీగ గారూ. రాష్ట్రానికి తెలియదు. ఆ ప్రసంగాన్ని పేపర్లో చదివినవాళ్లకు తెలియదు. పదేళ్ల తర్వాత సభ రికార్డు తెరిచి, ఫీజుల చట్టం ఎందుకు బలహీనపడిందో తెలుసుకోవాలనుకునే విద్యార్థికి అసలే తెలియదు. రికార్డులో ఆ ఒక్క వాక్యం ఉంటే మిగతా పావుగంట ప్రసంగాన్ని వేరుగా చదువుతారు.

పాత_విలేకరి
తూనీగ గారి ప్రశ్నకు నాది కూడా ఒక జవాబు. 2015 గుర్తుందా? పొగాకు ప్యాకెట్ల మీద హెచ్చరిక బొమ్మను 85 శాతానికి పెంచుతూ కేంద్రం 2014 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావాలి. ఈలోగా ఉపశాసనాలను, అంటే చట్టం కింద ప్రభుత్వం చేసే నిబంధనలను, పరిశీలించే లోక్‌సభ కమిటీ దాన్ని ఆపమంది. అది ఆగింది. ఆ కమిటీలో అలహాబాద్ ఎంపీ శ్యామాచరణ్ గుప్తా సభ్యుడు. ఆయనది బీడీల వ్యాపారం. అదీ ఊరందరికీ తెలిసినదే! అయినా కమిటీలో కూర్చున్నారు. గొడవ పెద్దదయ్యాకే దేశమంతా ఆ సంగతి మాట్లాడుకుంది. 85 శాతం బొమ్మ చివరికి 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఒక ఏడాది పోయింది.

శ్రీధర్ గారు చెప్పిన 255వ నియమం అప్పుడూ ఉంది. పుస్తకంలో ఉంది.

మేఘన
ఏడాది ఆలస్యం అంటే ఎన్ని ప్యాకెట్లో తలుచుకుంటేనే కడుపు మండుతోంది. మా నాన్నగారు నోటి క్యాన్సర్‌తో పోయారు. ఇంతకన్నా ఏమీ రాయలేను.

పాత_విలేకరి
మేఘన గారూ, బాధగా ఉందమ్మా. నేను ఆ ఏడాది ఆ వార్తలు రాసినవాణ్నే. ఎవరు ఏమన్నారో రాశాం. ఎవరికి ఏముందో మొదటి రోజే రాయలేకపోయాం. రాసి ఉండవలసింది.

ఇక్బాల్_హెచ్
అందరూ ఒకవైపే లాగుతున్నారు, నేను రెండో వైపు చెబుతాను. రైతు ఎంపీ అయితే మద్దతు ధర గురించి మాట్లాడకూడదా? డాక్టరు ఎమ్మెల్యే ఆసుపత్రుల గురించి నోరు మూసుకోవాలా? మా నాన్న మరమగ్గాల కార్మికుడు. చేనేత, మరమగ్గాల సంగతి తెలిసినవాడు సభలో ఒక్కడున్నా చాలని జీవితమంతా కోరుకున్నాడు. ప్రయోజనం ఉన్నవాళ్లందరినీ బయటికి పంపితే, ఏ పనీ చేయనివాళ్లు, ఏమీ తెలియనివాళ్లే మిగులుతారు. అధికారులు రాసిచ్చింది చదువుతారు.

శ్రీధర్_వకీలు
ఇక్బాల్ గారిది న్యాయమైన ప్రశ్న. లోక్‌సభ నియమం ఆ తేడా చూపింది. ఆ ప్రయోజనం సభ్యుడికి వ్యక్తిగతంగా, సూటిగా ఉండాలి. ప్రజలందరితోనో, ఒక వర్గంతోనో కలిసి ఉన్న ప్రయోజనం లెక్కలోకి రాదు. కోట్ల మంది రైతుల్లో ఒకడిగా మద్దతు ధర అడిగితే తప్పు లేదు. తన చక్కెర మిల్లుకు వచ్చే రాయితీ గురించి అడిగితే ఉంది. మీ నాన్నగారు కోరుకున్న నేత కార్మికుడికి ఏ అడ్డూ లేదు. మరమగ్గాల నూలు మొత్తం సరఫరా చేసే కంపెనీ యజమాని లేచినప్పుడే ముందు తన పేరు చెప్పుకోవాలి.

అప్పుడు కూడా మాట్లాడవద్దని రాజ్యసభ 294వ నియమం అనడం లేదు. చెప్పి మాట్లాడమంటోంది.

ఇక్బాల్_హెచ్
చెప్పి మాట్లాడితే నాకు అభ్యంతరం లేదు. అయితే గీత అంత తేటగా ఉండదని మాత్రం అంటాను. రాష్ట్రంలో పది మందికే ఉన్న వ్యాపారం "వర్గం" అవుతుందా కాదా? స్పీకరు ఏ పార్టీ వాడో చూసి జవాబు మారుతుంది.

రఘురాం_లెక్కలు
ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను గతంలో ఒక నిర్మాణ సంస్థ ఖాతాలు చూసేవాణ్ని. యజమానురాలు గృహిణి. ఆమె భర్త ఎమ్మెల్యే. సంస్థకు వచ్చే పనులన్నీ ప్రభుత్వానివే, రోడ్లు, కాలువ పూడికలు, పాఠశాల గదులు. ఆమెను నాలుగేళ్లలో ఒక్కసారి చూశాను, సంతకాల కోసం. మిగతా మాటలన్నీ ఆయనతోనే. టెండరు ఎంతకు వేయాలో, ఎవరిని తప్పుకోమనాలో, బిల్లు ఏ అధికారి దగ్గర ఆగిందో అన్నీ ఆయనే ఫోన్లో చెప్పేవారు. అదే కాలువల మరమ్మతులకు నిధులు చాలడం లేదని ఆయన సభలో ప్రశ్న వేసిన రోజు నేను టీవీ చూస్తున్నాను. నిధులు పెరిగాయి. మా సంస్థకు పని వచ్చింది.

ఆ ఏడాది ఆడిట్ ముగించి మానేశాను. తప్పుడు లెక్క ఒక్కటి కూడా లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పట్టుకోవడానికి చట్టంలో పిడి లేదు. శ్రీధర్ గారూ, ప్రభుత్వ కాంట్రాక్టు ఉంటే అనర్హత అంటారు కదా, ఇది ఎలా తప్పించుకుంటుంది?

శ్రీధర్_వకీలు
రఘురాం గారూ, రాసినందుకు మీకు నమస్కారం.

మీరు అడిగింది ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్. సరుకుల సరఫరాకో, పనుల నిర్వహణకో ప్రభుత్వంతో "అతడు" చేసుకున్న కాంట్రాక్టు నడుస్తూ ఉంటే అనర్హుడు. "అతడు" అంటే అతడే. భార్య కాదు, తమ్ముడు కాదు, అతడికి వాటా ఉన్న కంపెనీ కూడా కాదు. పని పూర్తి చేసి, బిల్లు మాత్రమే ప్రభుత్వం దగ్గర మిగిలి ఉంటే ఆ కాంట్రాక్టు నడుస్తున్నట్టు కాదని వివరణ కూడా అక్కడే ఉంది. బిల్లు మంజూరు చేయించుకునే ఆరాటం ఎప్పుడు ఎక్కువో గుత్తేదారులకు తెలుసు.

దీనికంటే నన్ను కలచివేసేది ఈ సెక్షన్ చరిత్ర. 1951లో చట్టం వచ్చినప్పుడు దీని స్థానంలో 7(డి) ఉండేది. తాను స్వయంగా గానీ, తన కోసం, తన లాభం కోసం, తన తరఫున మరొకరి ద్వారా గానీ కాంట్రాక్టులో వాటా లేదా ప్రయోజనం ఉంటే అనర్హుడని దాని భావం. సరుకులు, పనులతో పాటు సేవలు కూడా అందులో ఉండేవి. తర్వాతి సవరణల్లో "మరొకరి ద్వారా" పోయింది, "ప్రయోజనం" పోయింది, సేవలు పోయాయి. బినామీని పట్టుకునే మాటలు మొదట్లో ఉన్నాయి, వాటిని మనవాళ్లే తీసేశారు.

గనుల లీజు 9ఏ కిందికి రాదని 2001లో కర్తార్ సింగ్ భడానా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది ప్రభుత్వ పని నిర్వహణ కాదు కాబట్టి. ఝార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ పేరిట రాతి గని లీజు వివాదం వచ్చినప్పుడు కూడా ఇదే సెక్షన్ మీద వాదన నడిచింది. గనుల శాఖ అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. ఎన్నికల సంఘం 2022 ఆగస్టులో తన అభిప్రాయాన్ని గవర్నరుకు పంపింది. అది బయటపెట్టలేదు.

తూనీగ
1951 నాటి చట్టం ఇవాళ్టి దానికంటే గట్టిదా! నేను దీన్ని ఇప్పటిదాకా తలకిందులుగా ఊహించుకున్నాను. పై పోస్టులో నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత_విలేకరి
1951 అంటే గుర్తొచ్చింది. ఆ ఏడాదే తాత్కాలిక పార్లమెంటులో హెచ్.జి. ముద్గల్ వ్యవహారం నడిచింది. బొంబాయి బులియన్ (బంగారం, వెండి) వ్యాపారుల సంఘం దగ్గర డబ్బు తీసుకుని వారి తరఫున సభలో పని చేశారన్న ఆరోపణ. నెహ్రూ తన సొంత పార్టీ సభ్యుడి మీద విచారణ కమిటీ వేయించారు, బహిష్కరణ తీర్మానం తెచ్చారు. ఓటింగుకు ముందే ముద్గల్ రాజీనామా చేశారు. 2005 డిసెంబరులో సభలో ప్రశ్నలు వేసేందుకు డబ్బులు తీసుకున్న 11 మంది ఎంపీలను ఉభయ సభలు బహిష్కరించినప్పుడు ఈ పాత కేసునే అందరూ తవ్వి తీశారు.

అయితే ఒకటి గమనించండి. ఈ రెండు చోట్లా బయటివాడు డబ్బు ఇచ్చాడు. మన పద్మజ గారి కేసులో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకడే. ఆ రెండోదాన్ని పట్టుకునే అలవాటు సభకు లేదు.

సుబ్బలక్ష్మి_టీచర్
నేను ఒక పురపాలక సంఘంలో అయిదేళ్లు కౌన్సిలర్‌గా ఉన్నాను. గెలిచిన కొత్తలో కమిషనరు మాకు నిబంధనలు చదివి వినిపించారు. పురపాలక సంఘం కాంట్రాక్టులో "ప్రయోజనం" ఉన్నా పదవి పోతుందన్నారు. శ్రీధర్ గారు పోయిందన్న ఆ మాట మా వార్డు సభ్యులకు మాత్రం మిగిలే ఉంది.

ఒకసారి దుకాణాల లీజు అజెండాలో వచ్చింది. వేలంలో మా మరిది పేరు ఉంది. నేను లేచి "ఇందులో మా ఇంటివాళ్లు ఉన్నారు, నేను ఓటు వేయను" అని బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాను. పది నిమిషాలు పట్టింది. లీజు ఆయనకే వచ్చింది, ఎక్కువ పాడుకున్నాడు గనక. అయినా నేను బయటికి వెళ్లినందుకు మా అత్తగారింట్లో ఏడాది పాటు నాతో సరిగా మాట్లాడలేదు. "మావాడు దొంగ అన్నట్టు లేచిపోయావు" అన్నారు. నేను అన్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. నేను అక్కడే కూర్చుని చెయ్యెత్తి ఉంటే, న్యాయంగా పాడుకున్నవాణ్ని కూడా ఊరు దొంగే అనేది. మరిదికి ఈ సంగతి చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు ఆయనే అందరికీ చెబుతాడు.

వార్డు సభ్యురాలు చేయగలిగినది ఎమ్మెల్యే చేయలేడా?

గుమాస్తా_1968
టీచరమ్మా, మీ వరండా కుర్చీకి దండం. ఈ చర్చలో నాకు నచ్చిన పోస్టు ఇదే.

నిజం_చెప్పు
సుబ్బలక్ష్మి గారి అనుభవం చదివాక మెత్తబడ్డాను, దాచను. కానీ నా భయం నాది. నియమం కఠినం చేసినకొద్దీ బినామీలు పెరుగుతారు. ఇప్పుడు భార్య పేరిట ఉన్నది రేపు డ్రైవరు పేరిట ఉంటుంది. ఇప్పటిదాకా కనిపిస్తున్న కాస్తా కనిపించకుండా పోతుంది. అమెరికా లాంటి చోట్ల ఇంత కట్టుదిట్టంగా ఉంటుందంటారు, అక్కడ ఆగిందా?

వలస_పక్షి
పదహారేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి అమెరికా సంగతి నేను చెబుతాను. ఆగలేదు. కానీ కనిపిస్తోంది.

2012 ఏప్రిల్‌లో ఒబామా సంతకం చేసిన స్టాక్ చట్టం ప్రకారం కాంగ్రెస్ సభ్యులు 1,000 డాలర్లు దాటిన షేర్ల కొనుగోలు, అమ్మకం ఏది చేసినా గరిష్ఠంగా 45 రోజుల్లో ప్రకటించాలి. భార్య లేదా భర్త చేసిన లావాదేవీలూ చెప్పాలి. ఆలస్యం చేస్తే జరిమానా 200 డాలర్లు, లక్షల షేర్లు ఉన్నవారికి అది లెక్కే కాదు. కచ్చితమైన మొత్తం కూడా చెప్పక్కర్లేదు, ఇంత నుంచి ఇంత అని శ్రేణి రాస్తే చాలు. పైగా తన నిర్ణయం వల్ల లాభపడే విషయంలో జోక్యం చేసుకుంటే నేరమనే ఫెడరల్ చట్టం అధికారులకే, కాంగ్రెస్ సభ్యులకు వర్తించదు.

2020 ఫిబ్రవరిలో కరోనా దెబ్బకు మార్కెట్ కూలడానికి కొద్ది రోజుల ముందు సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షుడు రిచర్డ్ బర్ ఒక్క రోజులో 33 లావాదేవీల్లో షేర్లు అమ్మేశారు. విలువ 17 లక్షల డాలర్ల దాకా ఉండవచ్చు. న్యాయశాఖ విచారణ జరిపింది, కేసు పెట్టకుండానే 2021లో మూసేసింది. మీరు "చూశారా, ఏం లాభం" అనవచ్చు. కానీ ఆయన అమ్మిన తేదీ నాకు, మీకు ఎలా తెలిసింది? 45 రోజుల కాగితం వల్లే. మన దగ్గర అయిదేళ్లకు ఒకసారి వచ్చే అఫిడవిట్‌లో ఏ తేదీన ఏది అమ్మారో ఎలా తెలుస్తుంది?

నిజం_చెప్పు
తేదీ అన్నది బలమైన మాట. ఒప్పుకుంటున్నాను.

మేఘన
బ్రిటన్‌లో ఓవెన్ పాటర్సన్ సంగతి కూడా చెప్పుకోవాలి. మాజీ మంత్రి. రెండు కంపెనీలు ఆయనకు ఏటా లక్ష పౌండ్లకు పైగా ఇచ్చేవి. ఆ సంగతి ఆయన పార్లమెంటు రిజిస్టర్‌లో నమోదు చేశారు కూడా. అయినా ఆ కంపెనీల తరఫున ప్రభుత్వ సంస్థలను, మంత్రులను పదే పదే కలిశారని ప్రమాణాల కమిషనరు తేల్చారు. సభ ప్రమాణాల కమిటీ 30 రోజుల సస్పెన్షన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఆయన్ను కాపాడబోయి 2021 నవంబరు 3న నియమాలే మార్చాలని సభలో ఓటు వేయించింది. ఒక్క రోజులో వెనక్కి తగ్గాల్సి వచ్చింది, ఆయన రాజీనామా చేశారు. ఉప ఎన్నికలో ఆ సీటు అధికార పార్టీ చేజారింది.

అక్కడ నాకు తెలిసొచ్చింది ఒకటుంది. చెప్పేశాం కదా అంటే సరిపోదు. డబ్బు తీసుకుని ఆ డబ్బిచ్చినవాడి పని సభ ద్వారా చేయకూడదు. ఇంకో తేడా, అక్కడ దర్యాప్తు మొదలుపెట్టింది ఒక స్వతంత్ర అధికారి. మన దగ్గర నైతిక విలువల కమిటీలో కూర్చునేవాళ్లూ ఎంపీలే.

శ్రీధర్_వకీలు
మేఘన గారికి కొనసాగింపు. ఒక్కో సభకూ నైతిక విలువల కమిషనరు కార్యాలయం ఉండాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లోనే సిఫారసు చేసింది.

ఇక్బాల్_హెచ్
న్యాయవాదులైన ఎంపీల సంగతో? ఉదయం ఒక కంపెనీ తరఫున కోర్టులో వాదిస్తారు, మధ్యాహ్నం అదే రంగం మీద బిల్లుకు ఓటేస్తారు. శ్రీధర్ గారు తన వృత్తివాళ్లను వదిలేస్తున్నారు.

శ్రీధర్_వకీలు
వదలను. చట్టసభ సభ్యులు న్యాయవాద వృత్తి చేయకుండా ఆపలేమని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బార్ కౌన్సిల్ నిబంధన జీతం తీసుకునే ఉద్యోగులకు, ప్రజాప్రతినిధి అలాంటి ఉద్యోగి కాదు అన్నది కారణం. తీర్పు చట్టం ప్రకారం సరే. కానీ నా అభిప్రాయం అడిగితే, పెద్ద కంపెనీల కేసులు వాదించే ఎంపీ తన కక్షిదారుల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. వృత్తి రహస్యం అంటారు. కోర్టు జాబితాలో పేరు అందరికీ కనిపిస్తూనే ఉంది, ఇక రహస్యమేమిటి?

తూనీగ
మరి లాభదాయక పదవి అని అప్పుడప్పుడూ వింటాం. అది దీనికి పనికిరాదా?

పాత_విలేకరి
అది వేరే తాళం, వేరే తలుపు. ప్రభుత్వం పదవి ఆశ చూపి సభ్యుణ్ని లోబరుచుకోకుండా రాజ్యాంగంలో 102వ, 191వ అధికరణాలు పెట్టారు. 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం దీనివల్లే పోయింది, ఉత్తరప్రదేశ్ చలనచిత్ర అభివృద్ధి మండలి అధ్యక్ష పదవి కారణంగా. డబ్బు తీసుకున్నారా లేదా అన్నది కాదు, ఆ పదవిలో తీసుకునే వీలుందా అన్నదే ప్రశ్న అని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ఇదే వివాదంలో సోనియా గాంధీ రాజీనామా చేసి మళ్లీ గెలిచి వచ్చారు. తర్వాత పార్లమెంటు చాలా పదవులకు మినహాయింపు ఇస్తూ బిల్లు తెచ్చింది, రాష్ట్రపతి కలాం దాన్ని వెనక్కి పంపారు, సభలు మళ్లీ ఆమోదిస్తే సంతకం చేశారు.

కాబట్టి ప్రభుత్వం ఇచ్చే గౌరవ పదవికి సీటు పోతుంది. తన రంగాన్ని శాసించే కమిటీలో యజమానే కూర్చుంటే ఏమీ కాదు. విమానాల కంపెనీ నడుపుతూనే విజయ్ మాల్యా రాజ్యసభలో రెండు సార్లు ఉన్నారు. 2016లో నైతిక విలువల కమిటీ కదిలేసరికి ఆయన దేశంలోనే లేరు.

గుమాస్తా_1968
మంచి చర్చే, కానీ పద్మజ గారికి చేతిలో ఏమీ పెట్టలేదు. నేను ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు మోసినవాణ్ని, నాకు తెలిసినవి చెబుతాను.

సొసైటీ పాలకవర్గం జాబితా సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర ఉంటుంది, నకలు అడగండి. ఇంజనీరింగ్ కళాశాలలు తమ పాలకమండలి వివరాలు వెబ్‌సైటులో పెట్టాలని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ఉంది, ముందు అది చూసుకోండి, ఖర్చు లేదు. కుటుంబ కంపెనీలు ఉంటే డైరెక్టర్ల పేర్లు కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో దొరుకుతాయి. 2018 తర్వాతి అఫిడవిట్ అయితే, దాని నమూనా ఫారం 26లో ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టుల భాగం ఉంటుంది. అభ్యర్థివి, భార్యవి, ఆధారపడినవారివి, వాటా ఉన్న సంస్థలవి అక్కడ రాయాలి. "లేవు" అని రాశారో, ఖాళీ వదిలారో చూడండి. చాలామంది ఆ పేజీ దాకా చదవరు.

ఆ తర్వాత శాసనసభ కార్యదర్శి కార్యాలయానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అభిప్రాయాలు అడగవద్దు, కాగితాలు అడగండి. సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ ఉందా? ఉంటే నకలు. గత అయిదేళ్లలో ఏ సభ్యుడైనా ప్రయోజనం ప్రకటించిన సందర్భాలు ఉన్నాయా? ఆ తేదీలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

రఘురాం_లెక్కలు
సొసైటీ ఖాతాల నకలు కూడా దొరికితే "సంబంధిత వ్యక్తులకు చెల్లింపులు" అన్న గమనిక కోసం వెతకండి. అద్దె ఎవరికి వెళ్తోందో అక్కడ తెలుస్తుంది. అర్థం కాకపోతే నాకు పంపండి, ఉచితంగా చదివి పెడతాను.

సుబ్బలక్ష్మి_టీచర్
ఆయనకే నేరుగా ఒక ఉత్తరం రాయండమ్మా. మర్యాదగా. "తదుపరి చర్చలో ఈ ఒక్క మాట చెప్పండి" అని. కొందరికి ఎవరూ అడగలేదు గనకే తోచదు.

పద్మజ_కె
రెండు వారాల తర్వాత వస్తున్నాను. నాలుగు కళాశాలల వెబ్‌సైట్లు చూశాను. మూడింటిలో పాలకమండలి అధ్యక్షుడిగా ఆయన పేరే ఉంది. నాలుగో దాంట్లో ఆ పేజీ తెరుచుకోవడం లేదు. అఫిడవిట్‌లో కాంట్రాక్టుల పేజీ దాకా వెళ్లాను గుమాస్తా గారూ, "వర్తించదు" అని ఉంది. రీయింబర్స్‌మెంట్ కాంట్రాక్టు కాదు కాబట్టి అది నిజమే కావచ్చు, రఘురాం గారు చెప్పాలి. సొసైటీ నకళ్లకు డబ్బు కట్టాను, ఇంకా రాలేదు.

సభ రికార్డులు కూర్చుని చదివాను. ఈ పదవీకాలంలో ఆయన ఉన్నత విద్య మీద తొమ్మిది సార్లు మాట్లాడారు. తొమ్మిదీ చదివాను. ఆ వాక్యం ఎక్కడా లేదు.

టీచర్ గారు చెప్పినట్టు ఉత్తరం రాశాను, రిజిస్టర్ పోస్టులో పంపాను. దరఖాస్తు నిన్న పెట్టాను. ప్రశ్నలు గుమాస్తా గారివే, ఒకటి మాత్రం నాది: ఒక సభ్యుడి ప్రయోజనం గురించి అడిగే హక్కు ఓటరుకు ఏ నియమం కింద ఉందో ఆ నియమం నకలు ఇవ్వండి అని.

శ్రీధర్_వకీలు
ఆ చివరి ప్రశ్నకు "అలాంటి నియమం లేదు" అని రాతపూర్వకంగా వస్తే, ఆ కాగితం పారేయకండి. నాకు ఒక నకలు కావాలి. హైకోర్టులో దానితో పని ఉంటుంది.

పద్మజ_కె
రాగానే ఇక్కడే పెడతాను.